చన్నీటి మునక: ఎవరి హద్దు వారిదే

సోలాపూరు తూర్పు భాగంలోని అశోక్ చౌక్ పరిసరాలు తెలుగువారికి కొత్త కావు. తెలంగాణ పల్లెల నుండి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడి చేమగ్గాలు నేశాయి. తరువాతి కాలంలో మరమగ్గాలు పెట్టాయి. ఆ నగరంలో తయారయ్యే సోలాపురి చద్దరు, టెర్రీ తువ్వాలు రెండూ భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన సరకులు. సరిహద్దు గ్రామాలలో ఆ తువ్వాలు ఎరుగని ఇల్లు అరుదు. బావిలో ఈత కొట్టినా, యాత్రలో నదీస్నానం చేసినా, గట్టుకు వచ్చినవారి చేతికి మొదట అందేది తువ్వాలే. గట్టుకు రాకముందు నీటిలో ఒంటికి ఏమి జరుగుతుందో, ఎవరు ఎంతసేపు చల్లని నీటిని తట్టుకోగలరో, ఆ హద్దును ఎట్లా గుర్తించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనది ఎండల ప్రాంతం, చన్నీటితో మనకు వచ్చే ప్రమాదమేమిటి అన్న సందేహం సహజమే. దీనికి మూడు సమాధానాలు ఉన్నాయి. మొదటిది, నీరు గడ్డకట్టేంత చల్లగా లేకున్నా ఒంటిని దెబ్బతీయగలదు. రెండవది, కార్తీక స్నానాలకు, పండరిపురంలో చంద్రభాగ స్నానానికి, హరిద్వార్, బదరీనాథ్ యాత్రలకు మన పెద్దలు వెళ్తూనే ఉన్నారు. మూడవది, నేడు మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు మంచు దేశాలకు వెళ్తున్నారు. అక్కడి చెరువులు, జలపాతాలు మన బావుల వంటివి కావు.

నీరు ఒంటి వేడిని ఎట్లా లాగుతుంది

మనిషి శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది. గుండె, మెదడు ఆ వేడిలోనే సక్రమంగా పనిచేస్తాయి. గాలిలో ఉన్నప్పుడు చర్మాన్ని అంటుకొని ఉండే పలుచని గాలి పొర ఒంటి వేడిని కొంతవరకు కాపాడుతుంది. నీటిలో ఆ కాపుదల ఉండదు. వేడిని ప్రసరింపజేసే గుణం గాలికంటే నీటికి దాదాపు 25 రెట్లు ఎక్కువ. అందువల్ల 25 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండా హాయిగా కూర్చునే మనిషి, అదే 25 డిగ్రీల నీటిలో చాలాసేపు కదలకుండా ఉంటే వణకడం మొదలుపెడతాడు.

నీటిలో ఊరికే ఉన్న మనిషి వేడి కోల్పోకుండా ఉండాలంటే ఆ నీరు ఇంచుమించు 33 నుండి 35 డిగ్రీల వరకు ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్న ఏ నీరైనా మన వేడిని తీసుకొంటూనే ఉంటుంది. తేడా అంతా ఎంత వేగంగా తీసుకొంటుందన్న దానిలోనే ఉన్నది.

ఏ నీరు ఎంత చల్లన

బావి నీటితో మొదలుపెడదాం. భూగర్భ జలం ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సంవత్సర సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. సోలాపూరు వంటి చోట అది 27 డిగ్రీల పరిసరాలలో ఉంటుంది. పుష్య మాసపు తెల్లవారుజామున గాలి 15 డిగ్రీలకు దిగినప్పుడు అప్పుడే తోడిన బావి నీరు వెచ్చగా తోచడానికి, నడివేసవిలో అదే నీరు చల్లగా తోచడానికి కారణమిదే. నీరు మారలేదు, మారినది గాలి.

రాత్రంతా ఆరుబయట ఉన్న తొట్టి నీరు, ఇంటి మీది ట్యాంకు నీరు, లోతు తక్కువ చెరువు నీరు అట్లా కావు. గాలితోపాటు అవి కూడా చల్లబడతాయి. చలికాలపు వేకువన బావి నీటికంటే అవి ఎంతో చల్లగా ఉంటాయి. బావిలోనైనా పైనీరు వెచ్చగా ఉండి లోపలి నీరు చల్లగా ఉండడం ఎండాకాలంలో ఈత కొట్టిన ప్రతివారికీ అనుభవమే. లోతైన జలాశయాలలో ఈ తేడా మరింత స్పష్టంగా ఉంటుంది. పైన చేయి పెట్టి చూసి లోపలి చల్లదనాన్ని అంచనా వేయరాదు.

పోటీలకు నిర్ణయించిన అంతర్జాతీయ నియమాలు ఒక కొలతగా ఉపయోగపడతాయి. కొలనులో ఈత పోటీలకు నీరు 25 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఎత్తు నుండి దూకే డైవింగ్ పోటీలకు 26 డిగ్రీలకు తగ్గరాదు. అశోక్ చౌక్ ప్రాంతంలో మార్కండేయుని పేరు గల ఈతకొలను ఉన్నది. అటువంటి కొలనులలో అభ్యాసం చేసే పిల్లలకు ఈ కొలతలు తెలిసి ఉండడం మంచిది. నదులలో, సముద్రాలలో జరిగే దూరపు ఈత పోటీలకు నీరు 16 డిగ్రీలకు తగ్గితే పోటీయే జరపరు. 18 డిగ్రీలకు తక్కువైతే ఒంటికి రక్షణ దుస్తులు తప్పనిసరి. శిక్షణ పొందిన యువ ఈతగాళ్లకే ఇన్ని హద్దులు పెట్టినప్పుడు, అలవాటు లేని పెద్దలు, పిల్లలు ఎంత జాగ్రత్తగా ఉండవలెనో ఊహించవచ్చు.

హిమాలయాలలో మంచు కరిగి వచ్చే నీరు, గంగోత్రి, బదరీనాథ్ వంటి చోట్ల, సాధారణంగా 10 డిగ్రీలకు దిగువనే ఉంటుంది. ఇక సముద్రపు ఉప్పు నీరు సున్నాకంటే కిందికి కూడా దిగగలదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిన చోట నీరు సుమారు మైనస్ 2 డిగ్రీలు. ఆ రాత్రి ఒంటికి తేలే కవచాలు కట్టుకొని నీటిపై తేలుతూ ఉండి కూడా ఎందరో చలి వల్లనే ప్రాణాలు కోల్పోయారు.

నీటిలో దిగిన తరువాత నాలుగు దశలు

మొదటి దశ మొదటి నిమిషం. చల్లని నీరు ఒక్కసారిగా ఒంటిని తాకగానే మనిషి తన ప్రమేయం లేకుండానే పెద్దగా గుక్క తీసుకొంటాడు. ఆ వెనుకనే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె దడ పెరుగుతుంది, రక్తపోటు పైకి లేస్తుంది. దీనిని చలిదెబ్బ అనవచ్చు. ఆ మొదటి గుక్క తీసుకొనే క్షణాన తల నీటిలో ఉంటే ఊపిరితిత్తులలోకి పోయేది నీరే. మంచి ఈతగాళ్లు కూడా దిగిన వెంటనే మునిగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ దెబ్బ నీరు 25 డిగ్రీలకు దిగువన ఉన్నప్పటి నుండే కనిపించసాగుతుంది. 10 నుండి 15 డిగ్రీల మధ్య తీవ్రస్థాయికి చేరుతుంది. అంటే చలికాలంలో మన చెరువులకు, నదులకు కూడా ఇది కొంతమేరకు వర్తిస్తుంది. రెండు మూడు నిమిషాలు ఓర్చుకొంటే ఊపిరి తిరిగి అదుపులోకి వస్తుంది.

తలకిందులుగా దూకడంలో మరొక ప్రమాదం ఉన్నది. ముఖం చల్లని నీటిలో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు గుండె వేగం తగ్గాలని శరీరం ఆదేశిస్తుంది. ఒళ్లంతా చలిదెబ్బ తిన్నప్పుడు వేగం పెరగాలని ఆదేశిస్తుంది. ఈ రెండు ఆదేశాలు ఒకేసారి అందినప్పుడు కొందరిలో గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు.

రెండవ దశ తరువాతి పది పదిహేను నిమిషాలు. శరీరం తన వేడిని గుండె, మెదడుల కోసం దాచుకొంటూ కాళ్లకు, చేతులకు రక్తప్రసారం తగ్గిస్తుంది. వేళ్లు కొంకర్లు పోతాయి. తాడు పట్టు దొరకదు, గట్టు రాయి పట్టు చిక్కదు, ముడి విప్పలేరు. కాళ్లు చేతులు మనసు చెప్పినట్లు ఆడవు. లోపలి వేడి ఇంకా పెద్దగా తగ్గకపోయినా, ఈత మాత్రం తప్పిపోతుంది.

మూడవ దశ లోపలి చల్లదనం. శరీరం లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు పోవడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. 35 నుండి 32 డిగ్రీల వరకు గజగజ వణుకు, మాట తడబాటు, తొట్రుపాటు ఉంటాయి. 32కు దిగువన వణుకు క్రమంగా ఆగిపోతుంది. మనిషి మత్తులోకి జారుతాడు, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతాడు. 28కి దిగువన స్పృహ పోతుంది, గుండె ఏ క్షణాన్నయినా లయ తప్పవచ్చు. వణుకు ఆగినదంటే చలి తీరినదని చాలామంది అనుకొంటారు. వెచ్చబడకుండా వణుకు ఆగితే అది అపాయానికి గుర్తు.

నాలుగవ దశ గట్టుకు వచ్చిన తరువాత. నీటి నుండి వెలికి వచ్చినా కొంతసేపు లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. బాగా చల్లబడిన మనిషిని నిలువుగా పైకి లాగినప్పుడు, లేచి నడిపించినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కుప్పకూలడం కద్దు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ దశలను గుర్తుపెట్టుకొనేందుకు సులువైన లెక్క ఒకటి చెప్పారు. గడ్డకట్టేంత చల్లని నీటిలో పడినవారికి ఊపిరి అదుపు చేసుకోవడానికి 1 నిమిషం, పనికివచ్చేటట్లు కాళ్లు చేతులు ఆడించడానికి 10 నిమిషాలు, స్పృహ తప్పేలోపు సుమారు 1 గంట ఉంటాయి. పడిన వెంటనే చనిపోతామన్న భయంతో మొదటి నిమిషాన్ని పాడుచేసుకోవద్దన్నది దాని సారం.

హద్దు మనిషి మనిషికీ ఎందుకు మారుతుంది

ఒకే బావిలో ఒకేసారి దిగిన ఇద్దరిలో ఒకరు గంటసేపు ఈదుతారు. మరొకరు పావుగంటకే పెదవులు నల్లబడి గట్టెక్కుతారు. ఇందులో ధైర్యం, పిరికితనం ఏమీ లేవు. కారణాలు ఒంటిలోనే ఉన్నాయి.

చర్మం కింద ఉండే కొవ్వు వేడిని కాపాడే పొర. బక్కపలుచని మనిషి త్వరగా చల్లబడతాడు. పిల్లల బరువుతో పోల్చినప్పుడు వారి ఒంటి వైశాల్యం ఎక్కువ. కనుక వారు పెద్దలకంటే వేగంగా వేడి కోల్పోతారు. వయసు మళ్లినవారిలో వణుకు పుట్టించే శక్తి, రక్తనాళాలను బిగించే శక్తి తగ్గుతాయి. పైగా చలి తెలియడమే ఆలస్యమవుతుంది. ఆకలితో ఉన్నవారికి, నిద్ర లేనివారికి వణకడానికి కావలసిన శక్తి చాలదు. చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ తగ్గినవారికి చల్లదనం సరిగా తెలియదు. థైరాయిడ్ లోపం, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారి హద్దు ఇతరులకంటే చాలా ముందుగానే వస్తుంది. కల్లు, సారా తాగినవారికి ఒళ్లు వెచ్చగా ఉన్నట్లు తోస్తుంది. నిజానికి మద్యం చర్మపు రక్తనాళాలను విప్పి లోపలి వేడిని బయటికి పంపుతుంది. తెలివిని కూడా మందగింపజేస్తుంది.

మరమగ్గాల షెడ్డులో రాత్రి పాళీ చేసి వచ్చిన కార్మికుని సంగతి ప్రత్యేకంగా చెప్పవలెను. ఉక్కపోతలో గంటల తరబడి నిలబడినందున అతని చర్మం వేడెక్కి, రక్తనాళాలు విప్పుకొని, చెమటతో నీరు తగ్గి ఉంటుంది. ఆ స్థితిలో నేరుగా చన్నీటిలోకి దూకినప్పుడు చర్మపు వేడి ఒక్కసారిగా పడిపోతుంది. చలిదెబ్బ ఎంత గట్టిగా తగులుతుందన్నది ఆ పతనం వేగంపైనే ఆధారపడి ఉంటుంది. కొంతసేపు నీడన కూర్చొని, చెమట ఆరనిచ్చి, మంచినీరు తాగి, ఆ పిమ్మట మెల్లగా దిగడం క్షేమం.

నూలు బట్టతో సముద్రంలో మునిగిన స్త్రీలు

తన హద్దు తాను ఎరిగి పని చేయడానికి మంచి నిదర్శనం దక్షిణ కొరియాలోని జేజు ద్వీపపు హేనియో స్త్రీలు. ఎటువంటి గాలి సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి శంఖు జాతి జీవులను, సముద్రపు మొక్కలను ఏరుకొని రావడం వారి వృత్తి. వారి సంస్కృతిని 2016లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

1970ల వరకు వారు పలుచని నూలు దుస్తులతోనే మునిగేవారు. చలికాలంలో అక్కడి నీరు 10 డిగ్రీల పరిసరాలకు దిగుతుంది. 1960లలో శరీరశాస్త్రవేత్తలు వారిని పరీక్షించినప్పుడు విలువైన విషయాలు తెలిశాయి. ఒంటి వేడి ఇంచుమించు 35 డిగ్రీలకు పడిపోయేసరికి వారు పని చాలించి గట్టుకు వచ్చి మంట దగ్గర కూర్చునేవారు. వేసవిలో ఎక్కువసేపు, చలికాలంలో తక్కువసేపు మునిగేవారు. ఏ యంత్రమూ చెప్పకుండానే హైపోథెర్మియా మొదలయ్యే గీత దగ్గర ఆగిపోయేవారు. అంతేకాక, చలికాలంలో ఊరికే ఉన్నప్పుడు వారి శరీరాలలో పుట్టే వేడి సుమారు 30 శాతం పెరిగేది. ఇతర స్త్రీలు వణికే నీటిలో వారు వణకకుండా ఉండగలిగేవారు.

1970ల నడుమ నుండి వారు రబ్బరు దుస్తులు ధరించసాగారు. చలి బాధ తగ్గింది, నీటిలో ఉండే సమయం పెరిగింది. అయితే కొద్ది సంవత్సరాలలోనే వారి ఒంటికి ఉన్న ఆ ప్రత్యేక శక్తి మాయమైనది. చలిని ఓర్చే గుణం అలవాటుతో వచ్చి, అలవాటు తప్పితే పోతుందని దీని వలన తేటపడినది. చిన్ననాడు బావిలో గంటలు గంటలు ఈదాను గనుక ఇప్పుడూ ఈదగలనని యాభై ఏళ్ల మనిషి అనుకోవడం ఎందుకు తగదో ఇందులోనే ఉన్నది.

స్కూబా మునకలో రక్షణ దుస్తులు

వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి లోపల ఊపిరి పీల్చుకొంటూ తిరగడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. తెలుగునాట విశాఖపట్నం తీరాన రుషికొండ వద్ద ఈ క్రీడ ప్రచారంలోకి వచ్చినది. అక్కడి సముద్రం వెచ్చనిదే అయినా, లోపల చాలాసేపు ఉండేవారు పలుచని రక్షణ దుస్తులు ధరిస్తారు. ముందు చెప్పినట్లు, 33 డిగ్రీలకు దిగువన ఉన్న నీరు ఏదైనా మెల్లగా వేడిని లాగుతూనే ఉంటుంది గదా.

వెట్‌సూట్ అనే దుస్తును 1950ల ఆరంభంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ రూపొందించారు. దీనిని నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరులో సన్నని వాయు బుడగలు నిండి ఉంటాయి. వేడిని ఆపేది ఆ బుడగలే. దుస్తులోకి దూరిన కొద్దిపాటి నీరు ఒంటికి అంటి వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. దుస్తు వదులుగా ఉంటే ఆ నీరు మారిపోతూ ప్రయోజనం ఉండదు. వెచ్చని సముద్రాలలో 3 మిల్లీమీటర్లు, చల్లని నీటిలో 5 నుండి 7 మిల్లీమీటర్ల మందం గలవి వాడతారు. ఇంకా చల్లని నీటిలో నీరు చొరని డ్రైసూట్ తొడిగి, దాని లోపల ఉన్ని దుస్తులు ధరిస్తారు.

ఇక్కడ గుర్తించవలసిన విషయమొకటి ఉన్నది. 10 మీటర్ల లోతుకు పోయేసరికి నీటి ఒత్తిడి రెట్టింపై బుడగలు సగానికి కుంచించుకుపోతాయి. అంటే లోతుకు పోయినకొద్దీ నీరు చల్లబడుతుంది, దుస్తు పలుచబడుతుంది. సిలిండరు నుండి వచ్చే పొడి గాలి కూడా చల్లగా ఉండి ప్రతి శ్వాసతో కొంత వేడిని బయటికి తీసుకుపోతుంది. లోతు నుండి పైకి వచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడి ఉంటే, రక్తంలో కరిగిన నత్రజని సాఫీగా బయటపడక కీళ్ల నొప్పులు, పక్షవాతం వంటివి కలిగించే డికంప్రెషన్ వ్యాధికి అవకాశం పెరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు వణుకు రాకముందే, వేళ్లతో బొత్తాములు, పట్టీలు సులువుగా ఆడించగలుగుతున్నప్పుడే మునక ముగిస్తారు. జంటగా మునిగినప్పుడు ఇద్దరిలో ఎవరికి ముందు చలి వేస్తే వారి హద్దే ఇద్దరి హద్దు.

అలవాటుతో హద్దు ఎంత పెరుగుతుంది

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమ ఉన్న ఇంగ్లిష్ చానల్‌ను 1958 సెప్టెంబరు 27న ఈది దాటిన మిహిర్ సేన్ ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడు. మరుసటి ఏడాది, 1959లో, ఆరతీ సాహా తొలి ప్రయత్నం విఫలమైనా సెప్టెంబరు 29న దానిని దాటి ఆసియా స్త్రీలలో ప్రథమురాలైనారు. చానల్ ఈతకు రక్షణ దుస్తులు ధరించరాదు. ప్రయత్నించదలచినవారు ముందుగా 16 డిగ్రీలు లేక అంతకంటే తక్కువ చల్లదనం గల నీటిలో 6 గంటలు ఈది చూపించవలెనన్న నియమం నేడు అమలులో ఉన్నది. భారత, శ్రీలంకల నడుమ ఉన్న పాక్ జలసంధిని 2021 మార్చిలో ఈదిన తెలుగు మహిళ గోలి శ్యామల కూడా ఎంతో సాధన చేసిన తరువాతనే ఆ సాహసానికి పూనుకొన్నారు.

చలిదెబ్బకు శరీరం త్వరగానే అలవాటు పడుతుంది. రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారు సార్లు చల్లని నీటిలో మునిగినవారికి మొదటి గుక్క, ఊపిరి వేగం దాదాపు సగానికి తగ్గుతాయని బ్రిటన్‌లోని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ టిప్టన్, ఆయన సహచరుల ప్రయోగాలలో తేలినది. కార్తీకమంతా రోజూ వేకువన స్నానం చేసేవారికి మొదటి రోజు ఉన్న కష్టం వారం గడిచేసరికి తగ్గడం అందరికీ తెలిసినదే. కాని దీనితో తగ్గేది మొదటి దశ దెబ్బ మాత్రమే. వేళ్లు కొంకర్లు పోవడం, లోపలి వేడి తగ్గడం ఆగవు. చలి తెలియనంత మాత్రాన ఒళ్లు చల్లబడడం లేదని భావించరాదు.

దూరదేశాలలో ఉన్న మన పిల్లలకు

2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో వుడ్స్ కాన్యన్ సరస్సు వద్ద, గడ్డకట్టిన నీటిపై నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువారు మరణించారు. వారిలో ఇద్దరు దంపతులు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో పడి కన్నుమూశారు. చూడవచ్చిన చోటనే ఈ కుటుంబాలకు తీరని శోకం కలిగినది.

మంచు చెరువు పైకి గట్టి నేలవలె కనిపిస్తుంది. నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల మందం గల గట్టి మంచు ఉండాలని అక్కడి వారు చెబుతారు. అయితే ఒకే చెరువులో ఒకచోట అంత మందం ఉండి పది అడుగుల దూరంలో పలుచగా ఉండవచ్చు. అందువల్ల కొత్తవారు అసలు కాలు పెట్టకపోవడమే మేలు. పొరపాటున పడినవారు మొదటి నిమిషం ఊపిరి అదుపు చేసుకోవాలి. తాము వచ్చిన వైపు మంచే తమను మోసినది గనుక ఆ వైపునకే తిరగాలి. మోచేతులు మంచుపై ఆనించి, కాళ్లు ఈదుతున్నట్లు ఆడిస్తూ, బోర్లా పడుకొని పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడకుండా దొర్లుతూ దూరం పోవాలి. గట్టున ఉన్నవారు దగ్గరకు పరుగెత్తక, తాడో, కర్రో, శాలువో విసరాలి. వసంత కాలంలో ఎండ వెచ్చగా ఉన్నా అక్కడి నదుల నీరు మంచు కరిగిన నీరేనని మరువరాదు.

తువ్వాలు, చద్దరు, గొంగడి: గట్టుకు వచ్చిన తరువాత

టెర్రీ తువ్వాలుకు రెండు పడుగులు ఉంటాయి. ఒకటి బిగువుగా ఉండి బట్టను నిలుపుతుంది. రెండవది వదులుగా ఉండి ఉచ్చులుగా పైకి లేస్తుంది. ఆ ఉచ్చుల వలన నీటిని తాకే దారం ఎక్కువై తేమ త్వరగా పీలుస్తుంది. ఒంటిపై మిగిలిన తడి ఆవిరి అవుతూ కూడా వేడిని లాగుతుంది గనుక, ముందుగా తడిబట్ట తీసి ఒళ్లు అద్ది తుడవడం మొదటి చికిత్స. అయితే తడిసిన నూలు వెచ్చదనం ఇవ్వదు. దాని సందులలోని గాలి స్థానాన్ని నీరు ఆక్రమిస్తుంది. తడి తువ్వాలు చుట్టుకొని కూర్చోవడం వలన మేలుకంటే కీడే ఎక్కువ. తుడిచిన పిమ్మట పొడి చద్దరు కప్పాలి. ఉన్ని గొంగడి అయితే మరీ మంచిది. కొంత తడిసినా ఉన్ని వేడిని నిలుపగలదు.

బాగా చల్లబడిన మనిషిని పడుకోబెట్టే ఉంచాలి, నడిపించరాదు. కాళ్లు చేతులు గట్టిగా రుద్దరాదు. వేడినీళ్లు గుమ్మరించరాదు, మంటకు మరీ దగ్గరగా పెట్టరాదు. గోరువెచ్చని నీటి సీసాలను బట్టలో చుట్టి చంకల వద్ద, ఛాతీపై ఉంచవచ్చు. పూర్తి స్పృహలో ఉండి, మింగగలిగితే తియ్యని వెచ్చని టీ లేక పాలు ఇవ్వవచ్చు. మద్యం ఎంతమాత్రం పనికిరాదు.

నీట మునిగినవారిని తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం మన గ్రామాలలో ఇంకా కనిపిస్తుంది. దీనివలన విలువైన క్షణాలు వృథా అవుతాయి; కడుపులోని నీరు ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఊపిరి లేనివారికి వెంటనే నోటిద్వారా శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ, 108కి కబురు చేయాలి. ఒళ్లు మంచువలె చల్లబడిన మనిషి విషయంలో ఆశ త్వరగా వదలరాదు. 1999 మే నెలలో నార్వేలో మంచు కింద చిక్కుకొని, 80 నిమిషాల తరువాత బయటపడిన ఒక స్వీడన్ దేశపు వైద్యురాలి ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయినది. ట్రోమ్సో ఆసుపత్రి వైద్యులు గంటల తరబడి శ్రమించి ఆమెను బ్రతికించారు. ఒళ్లు వెచ్చబడకముందే మరణాన్ని నిర్ధారించరాదన్న వైద్య సూత్రానికి అది బలమైన నిదర్శనం.

గుర్తుంచుకోవలసినవి

1. ఒంటరిగా దిగరాదు. గట్టున ఒకరు తాడుతోగాని, పొడవైన చీర లేక చద్దరుతోగాని సిద్ధంగా ఉండాలి.

2. ఒక్కసారిగా దూకరాదు. ముందు పాదాలు, చేతులు, మెడ, ముఖం తడుపుకొని, ఊపిరి నిలకడ అయిన తరువాత మెల్లగా దిగాలి. స్నానంలో చెంబెడు నీళ్లు మొదట కాళ్లపై పోసుకొనే మన ఇళ్లలోని అలవాటు ఆరోగ్యకరమైనది.

3. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, వృద్ధులు, గర్భిణులు యాత్రలలో మంచు నీటి మునకకు ముందు వైద్యుని సలహా తీసుకోవాలి. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్లు, కాచిన నీటిలో కొంత నదీజలం కలుపుకొని స్నానం చేయడంలో తప్పు లేదు.

4. దిగకముందే బయటికి వచ్చే సమయం నిర్ణయించుకోవాలి. నీటిలో ఉండి తీసుకొనే నిర్ణయం చల్లబడిన బుద్ధి తీసుకొనే నిర్ణయమే అవుతుంది.

5. చేతి పరీక్ష సులువైనది. బొటనవేలితో చిటికెన వేలిని తాకించి చూడాలి. తాకలేకపోతే వెంటనే గట్టుకు రావాలి.

6. పిల్లలు చలి వేయడం లేదని చెప్పినా నమ్మరాదు. పెదవులు నల్లబడడం, పళ్లు కటకటలాడడం, ఉన్నట్టుండి మాట తగ్గడం పెద్దలే గమనించాలి.

7. గుంపులో అందరికంటే ముందు ఎవరికి చలి వేస్తుందో వారి హద్దే గుంపు హద్దు. ఇంకాసేపు ఉండమని పందెం కట్టడం, పిరికివాడని ఎగతాళి చేయడం ప్రాణాలతో చెలగాటం.

ఎండాకాలపు సెలవుల్లో బావి గట్టు మీద నిలిచే పిల్లలకు బెండ్లు కట్టి ఈత నేర్పే పెద్దలు, ఈతతోపాటు ఈ హద్దును కూడా నేర్పవలెను. ఎప్పుడు దిగాలో, ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు గట్టెక్కాలో తెలిసినవారికే ఈత పూర్తిగా వచ్చినట్లు.